గులాబిరంగు గౌనులో ఆవిడ

"చెప్పమ్మా! ఈవిడ నా పెళ్ళాం అవునా, కాదా?"

ప్లీడరు బ్రిసార్ అచ్చుబొమ్మ కాగితాన్ని బల్ల మీద వేసి కొట్టాడు. పక్కనున్న రంగుగిన్నె ఒలికింది. పారిస్‌లో, సెంట్ జాక్ వీధిలో బొమ్మల దుకాణం నడిపే మదామ్ వెర్డియే ముందు గిన్నె ఎత్తి నిలబెట్టింది. తర్వాతే ఆయన వంక చూసింది.

"అయ్యో, ప్లీడరుగారూ! ఇది ఫ్యాషన్ బొమ్మ. కొనేవాళ్ళు గౌను చూస్తారు గానీ మొహం ఎవరు చూస్తారండీ?"

"కోర్టంతా చూస్తోంది! 'మీ ఆవిడ బలే ఉందండీ, గోడకి తగిలించుకున్నాం' అని నా మొహం మీదే అంటున్నారు. నా పరువు బజారున పడింది!"

బొమ్మలో ఆవిడ గులాబిరంగు గౌను కుచ్చెళ్ళు చీలమండల పైకి ఎత్తి కట్టుకుని, మూరెడెత్తు జుట్టు మీద ఈకలు గుచ్చుకుని, బుగ్గలకి ఎర్రరంగు పులుముకుని నిలబడింది. అంత సింగారం చేస్తే ఎవరి మొహమైనా ఒకేలా ఉంటుంది. కాకపోతే కంటి కింద ఓ పుట్టుమచ్చ ఉంది. గుమ్మం దగ్గర బూడిదరంగు ఉన్ని గౌనులో నిలబడ్డ ఆయన భార్య అపోలీన్‌కీ కంటి కింద ఒకటి ఉంది.

"ఇది నువ్వే అని తేలిందా, సాయంత్రానికల్లా నిన్ను సన్యాసినుల మఠంలో పడేస్తాను," అన్నాడు బ్రిసార్ ఆమె వైపు తిరిగి. "చచ్చేదాకా అక్కడే!"

అనడమే కాదు, చేయగలడు కూడా. మొగుడు సంతకం పెడితే చాలు, అడిగే నాథుడు లేడు. అపోలీన్ గుమ్మం దగ్గర్నుంచే బొమ్మ వంక తేరిపార చూసింది.

కిటికీ దగ్గర కూర్చున్న మొర్లే తలెత్తలేదు. గీసిన బొమ్మల్ని రాగిరేకు మీద చెక్కడం అతని పని. ఇప్పుడు కొత్త రేకు మీద పేరు చెక్కుతున్నాడు. అచ్చు వేస్తే కాగితం మీద తిన్నగా పడాలి కాబట్టి అక్షరాలన్నీ తిరగేసి చెక్కుతున్నాడు. ఇల్లు తగలబడినా ఉలి వదిలే మనిషి కాదు.

"ఇది గీసినవాడేడి?"

"లియోన్ ఊరు వెళ్ళాడండి. అక్కడి పట్టు గౌన్లు గీసుకు రమ్మన్నాను."

"మరి నేనెవర్నడిగి చావాలి?"

"ఎవర్నీ అడగక్కర్లేదండీ," అంటూ అపోలీన్ ముందుకొచ్చింది. "ఇటు చూడండి. పెళ్ళయ్యాక నా మొహం ఒక్కసారైనా సరిగ్గా చూశారా? నా మచ్చ ఏ కంటి కింద ఉంది?"

బ్రిసార్ వంగి చూశాడు. "ఎడమ కంటి కింద."

"బొమ్మలో ఆవిడకి?"

ఆయన కాగితాన్ని వెలుగులో పట్టుకున్నాడు. తన కళ్ళు తనే తడుముకుని ఏది ఎటో సరిచూసుకున్నాడు.

"కుడి... ఒసేయ్, కుడి కంటి కింద!"

"మీ కోర్టువాళ్ళకి కుడి ఎడమలు తెలియవు కాబోలు, పాపం," అంది వెర్డియే.

బ్రిసార్ పొట్ట కదిలేలా నవ్వాడు. "అయినా నాకు ముందే తట్టాల్సింది. ఈవిడ నిలబడ్డ తీరేమిటి, నువ్వేమిటి! నీకీ గౌను తొడిగితే గడ్డిబొమ్మకి జరీ చుట్టినట్టుంటుంది."

"అవునండీ," అంది అపోలీన్.

"దీన్ని చుట్టి ఇవ్వమ్మా. మా పడకగదిలో పెడతాను. రోజూ చూస్తే మా ఆవిడకి కాస్త ఒయ్యారం వస్తుంది."

అపోలీన్ ఆ చుట్టని చంకలో పెట్టుకుని మొగుడి వెనకాలే బండెక్కింది.

బండి మలుపు తిరిగేదాకా చూసి వెర్డియే తలుపు మూసింది.

"మొర్లే! ఆ బొమ్మకి లియోన్ వెళ్ళినవాడు ఎర్రసుద్దతో గీసిచ్చిన అసలు కాగితం ఉందే, అది పొయ్యిలో పడెయ్."

"అదేంటమ్మా! అతను గీసిన చిన్న ముక్క కూడా పారెయ్యనివ్వరుగా?"

"పడెయ్ అన్నానా!"

మొర్లే గొణుక్కుంటూ సొరుగులోంచి కాగితం తీశాడు. గీత పొల్లుపోకుండా, తిరగెయ్యకుండా, ఉన్నదున్నట్టు తను రాగిరేకు మీదికి దించిన బొమ్మే అది. పొయ్యిలో వేయబోతూ ఒక్కసారి చూశాడు.

పుట్టుమచ్చ ఎడమ కంటి కింద ఉంది.