అరవై నాలుగో నంబరు సాక్స్

లైల్ కుచెరా నెత్తి మీది టోపీ బ్లూస్టెమ్ కాలేజీది. టోపీ కింద బుర్ర మాత్రం ఎల్క్‌ఫోర్డ్ కాలేజీది.

ఎల్క్‌ఫోర్డ్ జట్టు సహాయ కోచ్ అతనికి సొంత బావమరిది. అందుకని ఏటా నవంబరులో ఈ రెండు కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ జరిగే శనివారం లైల్ శత్రువుల గ్యాలరీలో అదే సీట్లో చేరి చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఏడేళ్లుగా గెలుపు ఎల్క్‌ఫోర్డ్‌దే. గెలిచినవాళ్లు పట్టుకుపోయే సొట్టల పాలక్యాను ఏడేళ్లుగా వాళ్ల అద్దాల బీరువాలోనే ఉంది. ఏలిననాటి శనికైనా ఏడున్నరేళ్ల గడువుంటుంది. బ్లూస్టెమ్‌కు ఆ గడువూ కనిపించడం లేదు.

ఈసారి లైల్ పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. పేరు ఆర్డిస్. ఒళ్లో చిల్లీ అనే చిక్కుడు గింజల పులుసు గిన్నె, చేతిలో సినమన్ రోల్ అనే దాల్చినచెక్క తీపి రొట్టె. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇప్పుడు కుడికి" అంది. బంతి కుడికి వెళ్లింది.

"ఇప్పుడు ఎడమకి" అంది. ఎడమకే వెళ్లింది.

లైల్ నమలడం ఆపాడు.

బ్లూస్టెమ్ వాళ్లకు బంతి విసరడం చేతకాదు. పట్టుకుని పరిగెత్తడమే వాళ్ల విద్య. ముందు వరసలో అరవై నాలుగో నంబరు కుర్రాడు ఒకడుంటాడు. పహిల్వాన్. ఉన్నట్టుండి తన చోటు వదిలి పక్కకు ఉరికి, అడ్డొచ్చినవాళ్లను పడగొడతాడు. బంతి పట్టుకున్నవాడు అతని వెనకే దూసుకుపోతాడు. ఆ కుర్రాడు ఎటు ఉరుకుతాడో ముందే తెలిస్తే ఇక తెలుసుకోవాల్సింది ఏమీ ఉండదు.

"మీకెలా తెలుస్తోందమ్మా?" అన్నాడు లైల్, ఏమీ ఎరగనట్టు.

"కన్నదానికి తెలీదా నాయనా. ఆ అరవై నాలుగు మావాడే. లేకలేక నలభయ్యో ఏట పుట్టాడు."

"అలాగా. పేరేమిటి?"

"ఇంట్లో దుంప అంటాంలే. ఇదిగో, సగం తిను" అని రోల్ తుంచి అతని చేతిలో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. "వెధవకి చిన్నప్పట్నుంచీ ఒక అలవాటు. ఏదన్నా చేసేముందు సాక్స్ పైకి లాక్కుంటాడు. కుడికి ఉరకాలంటే కుడికాలిది, ఎడమకైతే ఎడమకాలిది. బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టేముందూ అంతే. ఎవరితోనూ అనకు సుమా."

"నాకెందుకమ్మా అనడం."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. లైల్ తొందరపడలేదు. బంతి అయిదుసార్లు కదిలేదాకా కళ్లారా చూశాడు. అయిదుసార్లూ సాక్స్ చెప్పినట్టే జరిగింది. అప్పుడు బాత్రూమని లేచి, గ్యాలరీ కిందకు పోయి, బావమరిదికి ఫోన్ చేశాడు.

ఆఖరి భాగంలో బ్లూస్టెమ్‌కు ముచ్చెమటలు పట్టాయి. అరవై నాలుగు సాక్స్ ముట్టుకోవడం ఆలస్యం, నలుగురు ఎల్క్‌ఫోర్డ్ వస్తాదులు అటే వచ్చి గోడ కడుతున్నారు. ఒకసారి రెండు గజాలు వెనక్కి. ఇంకోసారి మూడు.

"ఇదేం ఖర్మ నాయనా! వాళ్లకెలా తెలుస్తోంది?" అంది ఆర్డిస్.

"ఏమోనమ్మా" అన్నాడు లైల్, గిన్నెలోకి చూస్తూ.

"ఈసారీ ఓడితే కోచ్‌ని సాగనంపుతారట. కాలేజీవాళ్లిచ్చిన ఇల్లూ ఖాళీ చెయ్యాలి. ఆయన పెళ్లాం, ఆ పిల్లకి ఇప్పుడు ఏడో నెల." ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ గొంతు నిజంగా వణికింది.

లైల్‌కు రోల్ ముక్క గొంతు దిగలేదు. పాలక్యాను గుర్తొచ్చాక దిగింది.

ఎలా దేక్కుంటూ వచ్చారో గానీ, బ్లూస్టెమ్ వాళ్లు గీతకు ఎనిమిది గజాల దూరానికి వచ్చారు. బంతితో ఆ గీత దాటితే ఆరు పాయింట్లు. స్కోరు పద్నాలుగు, పది. వెనకబడింది వాళ్లే. మిగిలింది ఆరు సెకన్లు, ఒక్క ప్రయత్నం.

అరవై నాలుగు వంగాడు. కుడి సాక్స్ లాక్కున్నాడు. చాలదన్నట్టు ఇంకోసారి లాక్కున్నాడు.

ఎల్క్‌ఫోర్డ్ జట్టంతా అటే పడింది, ఆ మూల ఎవరో ఊరికే భోజనాలు పెడుతున్నట్టు. అరవై నాలుగు ఎడమకు ఉరికాడు. బంతి అతని వెనకే. ఆ పక్క కాపలాకు పిట్ట కూడా లేదు. బంతి పట్టుకున్నవాడు గీత దాకా పరిగెత్తి, ఎవరూ రావడం లేదేమిటని ఒకసారి వెనక్కి తిరిగి చూసి, నడుచుకుంటూ గీత దాటాడు.

గ్యాలరీ ఊగిపోయింది. బ్యాండువాళ్లు తలోపాట వాయించారు. డీన్‌గారు పాప్‌కార్న్ అమ్మేవాణ్ణి ఎత్తుకున్నారు. ఆర్డిస్ చిల్లీ గిన్నె గాల్లోకి లేచి, లైల్ టోపీ మీద వాలింది.

"అమ్మా, మీవాడు తప్పు సాక్స్ లాగాడు" అన్నాడు లైల్, ముక్కు మీదికి కారుతున్న చిక్కుడు గింజలు తుడుచుకుంటూ.

"కంగారులో తికమకపడ్డాడేమోలే నాయనా. పసివాడు."

బ్లూస్టెమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. గెలిచిన రోజు ఆ ఆట బంతిని, ఎవరివల్ల గెలిచారో వాళ్లకు అందరి ముందూ ఇస్తారు. కుర్రాళ్లంతా పాలక్యాను చుట్టూ చేరారు. కోచ్ హబ్బెల్ ఆర్డిస్‌ను చెయ్యి పట్టుకుని ఆటగాళ్ల గదిలోకి తీసుకొచ్చాడు. బంతి ఆవిడ చేతుల్లో పెట్టి కళ్లు తుడుచుకున్నాడు.

వారం నుంచీ కోచ్ నేర్పినట్టే సాక్స్ లాక్కున్న అరవై నాలుగో నంబరు కుర్రాడు పక్కవాడి చెవిలో అడిగాడు: "కోచ్‌గారి అత్తగారికి బంతెందుకురా?"