పద్నాలుగో ఫ్లాట్ వేడి

"పద్నాలుగో ఫ్లాట్‌లో ఉన్నది ఒక్కరు కాదు, నలుగురు," అన్నాడు డెరెక్.

లోర్నా కాఫీ కప్పు టేబుల్ మీద ఠక్కున పెట్టింది.

విన్నిపెగ్‌లో జనవరి. బయట మైనస్ ముప్పై. అరవై దాటినవాళ్లు మాత్రమే ఉండే ఓ పాత భవనానికి ఎంత పెద్ద బాయిలర్ కావాలో లెక్క తేల్చే పని వాళ్లిద్దరిదీ. గోడలు, కిటికీలు, మనుషుల ఒంటి వేడి అన్నీ కంప్యూటర్‌కి చెబితే ఏ ఫ్లాట్‌కి ఎంత వేడి కావాలో అది చెబుతుంది. మిగతా ఫ్లాట్లన్నిటికీ లెక్కా మీటరూ అతికినట్టు సరిపోయాయి. పద్నాలుగులో మాత్రం లెక్క కన్నా తక్కువ వేడి ఖర్చవుతోంది.

"పగలు తేడా లేదు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకానే. నువ్వు ఒక్కరని నింపావు. ఇంకో పెద్దమనిషినీ ఇద్దరు పిల్లల్నీ కలిపి చూశా. లెక్క గీత సరిగ్గా మీటర్ గీత మీద పడింది."

"అక్కడుండే ముసలావిడ పొయ్యి వెలిగించి ఉంటుంది."

"రాత్రంతానా? పెరోగీ కుడుములు ఊరందరికీ వండుతోందా ఏంటి?"

ఎదురు కుర్చీలోంచి భవనం మేనేజర్ ప్రెస్టన్ లేచాడు. ఫ్లాట్‌కి ఒక్కరే అన్నది అక్కడి నియమం. తప్పితే వారంలో ఖాళీ చేయాల్సిందే. ఇప్పుడే వెళ్లి తలుపు కొడతానంటూ కోటు తొడుక్కున్నాడు.

లోర్నాకి ఒళ్లు మండిపోయింది. "ఈ చలిలో పిల్లల్ని రోడ్డు మీద నిలబెడతారా?"

"నేను కాదు మేడమ్. వాళ్లు సంతకం పెట్టిన కాగితం నిలబెడుతుంది."

ఆమె డెరెక్ ముందున్న కీబోర్డు లాక్కుంది. "ఈ రిపోర్టు కింద పడేది నా సంతకం. లెక్క తప్పిన ప్రతి ఇంట్లోనూ వీడికి మనుషులే కనిపిస్తారు. వాళ్ల ఒంటి వేడిని నమ్ముకుని మీరు చిన్న బాయిలర్ కొంటారు. తీరా అక్కడ ఎవరూ లేకపోతే? ముసలాళ్లు చలికి కొయ్యబారిపోయాక పేపర్లో ఎవరి పేరు పడుతుంది ప్రెస్టన్ గారూ, నాదా, మీదా?"

కోటు గుండీ మీద ప్రెస్టన్ చెయ్యి ఆగిపోయింది. మరి తేడా ఎందుకొచ్చిందని గొణిగాడు.

పక్క ఫ్లాట్లవాళ్లు రాత్రిళ్లు హీటర్లు పెంచుకుంటారని, ఆ వేడే గోడల్లోంచి వస్తోందని తేల్చేసింది లోర్నా. డెరెక్ నోరు తెరవబోతే ఒక్క చూపుతో మూయించింది. నాలుగు చెరిపి ఒకటి కొట్టింది.

ప్రెస్టన్ విసుక్కుంటూ వెళ్లిపోయాడు. తలుపు కొట్టే ఆలోచన అక్కడితో పోయింది.

అయిదున్నరకి లోర్నా ఆఫీసు నుంచి బయటపడింది.

సరిగ్గా ఆరింటికి, ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక మెట్లెక్కి, పద్నాలుగో ఫ్లాట్ తలుపు మోచేత్తో మెల్లిగా తట్టి, "అమ్మా, మేమే, తియ్యి," అంది.