కిర్రుమన్న కుర్చీ

"లే కెప్టెన్, లే. చచ్చావుగా, ఇంకా కూర్చుని ఏం చేస్తావ్?"

హెడ్‌ఫోన్‌లో తాబేలు గొంతు.

ఆ కంప్యూటర్ ఆటలో చచ్చినవాడు మళ్లీ బతికేదాకా కాసేపు ఆగాలి. ఆ కాసేపూ లేచి గుంజీలు తియ్యాలన్నది తాబేలు పెట్టిన రూలు. ఏ టీంలోనూ లేని దిక్కుమాలిన రూలు!

"తీస్తున్నా" అన్నాడు పిడుగు, కదలకుండానే.

"అబద్ధం. కుర్చీ కిర్రుమనలేదే!"

పళ్లు నూరుకుంటూ లేచాడు. కుర్చీ కిర్రుమంది.

"హమ్మయ్య" అన్నాడు తాబేలు.

పిడుగు అన్నది ఆటలో పేరు. ఉద్యోగం సరుకు లారీల కంపెనీలో. ఏ లారీ ఎక్కడ ఆగిందో, దాన్ని ఏ దారిన పంపాలో చూసే డెస్క్. పొద్దున కూర్చుంటే ఇక ఫోన్ల మోతే. ఒక డ్రైవర్ టైరు పేలిందంటాడు, ఇంకో డ్రైవర్ గోడౌన్ గేటు తియ్యట్లేదంటాడు, వెనకాలే నిలబడి మేనేజర్ "ఏమైంది, ఏమైంది" అంటాడు. ఊపిరాడేది భోజనం వేళ ఒక్కటే. నాలుగు ముద్దలు మింగి ఆటలో దూకేవాడు.

ఉద్యోగంలో చేరేనాటికే ఆ డెస్క్ కంప్యూటర్‌లో ఆట ఉంది, ఆడటానికి టీం కూడా ఉంది. పెట్టినవాళ్లెవరో పుణ్యం కట్టుకున్నారనుకున్నాడే గానీ, ఎవరని అడగలేదు.

తాబేలుది నత్తనడక. తుపాకీ ఇటు తిప్పేలోపు అటు యుద్ధం అయిపోయేది. పిడుగు చేరిన కొత్తలోనే కెప్టెన్ పదవి అతనికి అప్పగించేశాడు.

"నా చెయ్యి నెమ్మది బాబూ. టీం నువ్వు చూసుకో."

ఇంట్లో భార్యదీ ఒళ్లు కదిలించమనే పోరు.

"పాపను ఎత్తుకుని మెట్లెక్కితే ఆయాసం. ఆ పొట్ట చూసుకున్నావా?"

"రేపట్నుంచి జిమ్‌కి పోతాగా!"

ఆ రేపు ఎప్పటికీ రాలేదు. ఒంటికి కాస్త కదలికంటూ ఉంటే అది తాబేలు తీయించే గుంజీలే. పక్క సీటు అక్క అయితే చూసి కిసుక్కున నవ్వేది.

"ఎవరు తమ్ముడూ నీకా శిక్ష వేసింది?"

"ఒక పిచ్చోడులే అక్కా."

ఇంతలో టీంల పోటీ వచ్చింది. కిందా మీదా పడి ఫైనల్‌కి చేరారు. "ఈ ఒక్కరోజూ నీ గుంజీల గోల వద్దు" అని పిడుగు ముందే చెప్పాడు.

సరిగ్గా గెలిచే చోట చచ్చాడు.

"లే కెప్టెన్."

లేవలేదు.

"కుర్చీ చప్పుడు రాలేదే..."

"నోరు మూస్తావా!"

ఆ అరుపుకి ఆఫీసంతా తిరిగి చూసింది. వాళ్లకేదో సర్దిచెప్పి తెర వంక చూసేసరికి అంతా అయిపోయింది. ఓడిపోయారు.

పిడుగుకి ఒళ్లు మండిపోయింది.

"నీ వల్లే! టీం మునగడానికి నీలాంటివాడు ఒక్కడు చాలు. నిన్ను తీసేస్తున్నా."



"సరే కెప్టెన్" అన్నాడు తాబేలు. "అప్పుడప్పుడూ లేస్తూ ఉండు మరి."

పిడుగు వినీ విననట్టే అతని పేరు కొట్టేశాడు.

ఆ తర్వాత గెలుపులే గెలుపులు. లెమ్మనేవాడు లేడు. కుర్చీకి అతుక్కుపోయాడు. సాయంత్రానికి కాళ్లు తిమ్మిరెక్కేవి. కోరుకున్న గెలుపే వచ్చినా మనసు మాత్రం ఒక చోట నిలిచేది కాదు. ఎందుకో తెలిసేది కాదు.

కంపెనీ ఆరోగ్య పరీక్షల రోజున డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"పోయినసారి షుగర్ దిగింది, భేష్ అనుకున్నాను. మళ్లీ ఎక్కిందేమిటి? ఏం మానేశారు?"

"ఏమీ మానలేదండీ" అనబోయాడు. అంతలో గుంజీలు గుర్తొచ్చాయి. పాప మొహం కళ్ల ముందు తిరిగింది, భయమేసింది.

ఆ మధ్యాహ్నమే మెసేజ్ పెట్టాడు. "తాబేలూ, తప్పయిపోయింది. వచ్చెయ్."

జవాబు లేదు. మర్నాడూ లేదు. పని మీద ధ్యాస నిలవక ఒక లారీని తప్పుదారి పట్టించి మేనేజర్ చేత చీవాట్లు తిన్నాడు. అయినా చూపు ఆ మెసేజ్ మీదే. "చూస్తే ఒక్క తిట్టు తిట్టొచ్చుగా!" అని తనలో తనే విసుక్కున్నాడు.

అలాంటి ఒక మధ్యాహ్నం పక్క సీటు అక్క ఒకావిడను వెంటబెట్టుకొచ్చింది.

"తమ్ముడూ, నీ ముందు ఈ సీట్లో ఉండి, పక్షవాతం వచ్చి ఇక్కడే పడిపోయారని చెప్పానే, ఆయన భార్య."

ఆవిడ మొహమాటంగా చేతిసంచి సర్దుకుంది.

"అడుగు సొరుగులో ఆయన బూట్లు ఉండిపోయాయి బాబూ. నడక మొదలుపెడతానని కొనుక్కున్నారు. తొడుక్కునే యోగం లేకపోయింది. ఇప్పుడు నిలబెట్టి చూస్తాం, గట్టి బూట్లు తెమ్మన్నారు డాక్టరుగారు."

"ఇప్పుడెలా ఉన్నారండీ?"

"ఒక చెయ్యీ కాలూ అప్పుడే పడిపోయాయి. అయినా నవ్వుతూనే ఉండేవారు. మొన్న రెండోసారి వచ్చి మాట కూడా పోయింది."

"అయ్యో" అంటూ పిడుగు సొరుగు తియ్యడానికి లేచాడు.

కుర్చీ కిర్రుమంది.

ఆవిడ ఉలిక్కిపడింది. కుర్చీ వంకా, అతని వంకా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ చప్పుడే బాబూ! మధ్యాహ్నం పూట ఫోన్‌లో ఇది వినబడితే చాలు, 'హమ్మయ్య, మా కెప్టెన్ లేచాడు' అని నా వంక చూసి నవ్వేవారు మా ఆయన."