డాలరు బిళ్ళంత చోటు

“మోచెయ్యి అలా బిగపట్టకు. అది చెయ్యా, కంచె కర్రా?”

వెనక మడతకుర్చీలోంచి అమ్మ గొంతు విని హార్లన్ ప్రూయిట్ నవ్వాపుకున్నాడు. అతనికి అరవై రెండేళ్ళు. గుర్రాలకు లాడాలు కొట్టడంలో వయోమింగ్‌లోని ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఎనభై తొమ్మిదేళ్ళ ఆర్డిత్ కంటికి మాత్రం ఇంకా లాగూ జారిపోయే పిల్లాడే.

“పెద్దమ్మా, గీత మీద నిలబడ్డవాళ్ళకి సలహాలివ్వకూడదు,” అన్నాడు తుపాకీ గురి పోటీ నడిపిస్తున్న డెల్బర్ట్.

“సలహా ఎవరిచ్చారు? నా కొడుకుని నేను తిట్టుకుంటున్నాను. దానికీ రూలుందా?”

“మా క్లబ్బు రూళ్ళు మీకు తెలియనివా?”

“తెలీకేం! అరవై మూడులో చేతిలో వంటల పళ్ళెం ఉంటే తప్ప ఆడవాళ్ళని ఈ గడప తొక్కనిచ్చేవాడు కాదు మీ నాన్న. రూళ్ళు నాకు చెప్పకు.”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. డెల్బర్ట్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

హార్లన్ ఒరలోంచి రివాల్వర్ తీశాడు. నూట ఇరవై ఏళ్ళనాటి కోల్ట్. తాత కొన్నది, నాన్న లాయిడ్ చేతుల మీదుగా తనకొచ్చింది. ఒకప్పటి నీలి మెరుపు అరిగిపోయి గొట్టం వానమబ్బు రంగు తేలింది. పిడికి వేసిన వాల్‌నట్ చెక్క నున్నబడి అరచేతిలో అతుక్కుపోతుంది. చలికాలమంతా వంటింటి పొయ్యి మీద సీసం కరిగించి గుళ్ళు తనే పోసుకుంటాడు. అద్దాల బీరువాలో పెట్టుకుంటామని ఎందరో అడిగారు. కాల్చని తుపాకీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటేనని పంపించేశాడు.

ఆరు గదుల్లో ఒకదాంట్లో గుండు పెట్టి, ఒకటి వదిలి, మిగతా నాలుగూ నింపాడు. తుపాకీ సుత్తి ఖాళీ గది మీద వాలింది. దాన్ని బొటనవేలితో వెనక్కి లాగితే వరసగా నాలుగు టిక్కులు వినిపిస్తాయి. ఆ చప్పుడు వింటే హార్లన్‌కి ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

క్లబ్బు గోడ మీద అద్దం కట్టించిన గురికాగితం ఒకటుంది. దాని కింద ‘ఎల్. ప్రూయిట్, 1963’ అని రాసి ఉంటుంది. పాతికగజాల దూరం నుంచి, ఒంటిచేత్తో, ఐదు గుళ్ళు. ఐదు రంధ్రాలూ ఒక్క వెండి డాలరు బిళ్ళ కింద దాక్కుంటాయి. మంచుకి దారులు మూసుకుపోయే రోజుల్లో ఎవరి పొలంలో వాళ్ళు కాల్చి, కాగితం పోస్టులో పంపుకునే పోటీ అది. ఆ తర్వాత అరవై ఏళ్ళలో ఆ గురిని అందుకున్నవాడు లేడు.

లాయిడ్ జనం ముందు ఎన్నడూ కాల్చలేదు. ఎవరైనా అడిగితే చెవులెర్రబడి, గొడ్ల పనుందని తప్పుకునేవాడు. అంత గొప్పవాడికి ఎంత అణకువ అని ఊరు చెప్పుకునేది. ఆ మాటలు వింటూ పెరిగిన హార్లన్ నలభై ఏళ్ళుగా ఏటా ఈ గీత మీద నిలబడుతున్నాడు. పోయినేడు నాలుగు రంధ్రాలు బిళ్ళ కింద దాగాయి, ఐదోది వెంట్రుకవాసి బయటికి తొంగి చూసింది. వచ్చే నెల కుడి మణికట్టుకి ఆపరేషన్. మళ్ళీ ఇంత బరువు ఒంటిచేత్తో నిలపగలడో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు.

అందరూ చెవులకి రక్షణ తగిలించుకున్నారు. మొదటి గుండు పేలింది. పొగ పక్కకి కొట్టుకుపోయింది. రెండోది. మూడోది. మూడూ ఒకే చోట. నాలుగోది కూడా.

మణికట్టులో సూది దిగినట్టయింది. గొట్టం వణికింది.

హార్లన్ సుత్తిని లాగకుండానే చెయ్యి దించాడు.

“గాలి పోనీరా. దానికి లేని తొందర నీకెందుకు? గుండె రెండుసార్లు కొట్టుకునే మధ్యలో వదులు,” అంది ఆర్డిత్, అందరికీ వినపడేంత గట్టిగా.

ఈసారి డెల్బర్ట్ అటు తిరిగి కాగితాలు సర్దుకోసాగాడు.

నాన్న దగ్గర విని విని అమ్మకి ఇవన్నీ కంఠతా వచ్చేశాయని హార్లన్ చిన్నప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాడు. తిట్లనుకుని సగం వదిలేసేవాడు. ఇవాళ వదల్లేదు. ఊపిరి వదిలాడు. గాలికి తల వంచిన గడ్డి మళ్ళీ లేచేదాకా ఆగాడు. చెయ్యెత్తాడు. నాలుగు టిక్కులు. ఒక గుండెచప్పుడు.

ఐదోది పేలింది.

తుపాకులన్నీ ఖాళీ అయ్యాక డెల్బర్ట్ కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. జేబులోంచి క్లబ్బు వెండి డాలరు తీసి పెట్టాడు. వంగి ఒక వైపు నుంచి చూశాడు, రెండో వైపు నుంచి చూశాడు. ఒక్క రంధ్రం బయటికి కనిపించలేదు.

“ఏరా హార్లన్...” అన్నాడు. కాగితం హార్లన్ చేతిలో పెట్టాడు.

కేకలు, ఈలలు. ఎవరో హార్లన్ వీపు మీద చరిచారు. అతను మాత్రం కాగితం పట్టుకుని నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూచుని, ఆవిడ చెవి దగ్గర అరిచాడు.

“అమ్మా, నాన్నని అందుకున్నాను! ఉండుంటే ఎంత పొంగిపోయేవాడో!”

ఆర్డిత్ కళ్ళద్దాలు సవరించుకుని కాగితం కేసి చాలాసేపు చూసింది. ఐదు రంధ్రాల మీదా వేలితో ఒకసారి తడిమింది. తర్వాత కొడుకు తల మీద చెయ్యి వేసి, వాడికి మాత్రమే వినపడేలా అంది.

“మీ నాన్నని నువ్వు పన్నెండో ఏటే దాటేశావురా, పిచ్చోడా. ఇవాళ అందుకున్నది నన్ను.”