ప్లాస్టిక్ బోల్టులు

విమానం ముక్కు నేలకి గుచ్చుకుంది. ఝపటాపూర్ మైదానంలో కిరణ్మయి రిమోట్ పారేసి పరుగెత్తింది. వెనకాలే ఆమె తండ్రి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన నూకరాజు.

రెక్క రెండు ముక్కలైంది.

"నా సెయ్యే పాడు నాన్నా. ఇంక ఎగరెయ్యను."

"ఊరుకో తల్లీ."

"ఇమానం పెట్టెలో ప్లాస్టిక్ బోల్టులిచ్చినారు కదా. పడితే అవే తెగిపోయి రెక్క ఊడొచ్చేస్తాది, ఇరగదు. అయినా ఇరిగిందంటే ఎంత గట్టిగా గుద్దేసినానో!"

నూకరాజు చెయ్యి జేబులోనే ఉండిపోయింది. నిన్న కూతురు రెక్క బిగించమంటే, ఆ బోల్టులు చూసి నవ్వుకున్నాడు. ముప్పయ్యేళ్లు బోగీలు బిగించినవాడు ప్లాస్టిక్ బిగిస్తాడా? కానీ ఫిట్టరు ఏ బోల్టూ పారెయ్యడు.

చెయ్యి బయటికి తీసి గుప్పిట తెరిచాడు. రెండు తెల్ల బోల్టులు.

"ఇనపవి ఏసినాను తల్లీ. నీకు సెప్పనేదు."

కిరణ్మయి ఆ తెల్ల బోల్టులు తీసుకుంది. తర్వాత స్క్రూడ్రైవర్ అందించింది.

"ఇప్పు నాన్నా. కొత్త రెక్కకి ఇవే ఏద్దుం."

కూతురి మొహం చూడలేక నూకరాజు విమానాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎంత తిప్పినా, తను బిగించిన బోల్టు ఒక్కటీ కదల్లేదు.