కరెంటు తీసినవాడు

రెండు చేపలూ వెల్లకిలా తేలి ఉన్నాయి.

ప్రథమేశ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తొట్టిలో మోటారు చప్పుడు లేదు. లైటు లేదు. గచ్చంతా నీళ్లు.

ముంబై కమాఠీపురలో వరుస గదుల చాల్‌లోని ఆ ఒక్క గదిలో సముద్రపు చేపల్ని పెంచుతానని పంతం పట్టాడతను. నెలల తరబడి ఉప్పు పాళ్లు కొలిచి, నీళ్లు కుదిరాకే ఆ జంటను తెచ్చుకున్నాడు.

"ఎవడు చేసిండు ఇది?" గ్యాలరీలోకొచ్చి అరిచాడు.

పక్కగది సీమా అప్పుడే మెట్లెక్కి వస్తోంది.

"ఆ ప్లాస్టరు ముసలోడు. మెట్ల కింద మీ మెయిన్ స్విచ్ దించిండు. నేనే చూసిన."

ప్రథమేశ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ కిష్టయ్యే! గ్యాలరీ గోడకు సిమెంటు పూస్తూ మొన్న కిటికీలోంచి తొంగిచూసి సలహా చెప్పినవాడు.

"సారూ, అటక మీది డ్రమ్ములకెల్లి తొట్టిలకు పైపు ఏసిండ్రు. ఒక్కసారి నీళ్లు పట్టిందంటే డ్రమ్ము ఒడిసేదాక ఆగది. తొట్టి కిందనే కరెంటు బోర్డుంది. జెర జరుపుండ్రి."

"నీ సిమెంటు నువ్వు చూస్కో" అని కిటికీ మూసేశాడు ప్రథమేశ్.

ఇప్పుడు రెండేసి మెట్లు దూకుతూ కిందికి దిగాడు. కిష్టయ్య మీటర్ల పెట్టెకు కాపలాగా నిలబడి ఉన్నాడు.

"నా మెయిన్ దించనీకి నువ్వెవడు బే?"

"సారూ, బోర్డుకు నీళ్లు..."

"మోటారు ఆగి, హవా అందక నా చేపలు సచ్చిపోయినయ్! సమజైతదా నీకు?"

"అమ్మను అడుగుండ్రి సారు."

"మా అమ్మ పేరెత్తకు!"

కాలరు పట్టి లాగితే చొక్కా చిరిగింది. చాల్ అంతా చుట్టూ మూగింది. ఎందుకు దించావని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పాలమూరు నుంచి కొత్తగా దిగిన కూలివాడంటే అందరికీ చులకన. తమ తాతలూ అలాగే తట్టలు మోయడానికి దిగారన్న సంగతి ఎవరికి కావాలి?

మేస్త్రీ లస్మయ్య చేతులెత్తేశాడు. "నీ సామాను తీస్కొని పో కిష్టయ్యా. నాకీ లొల్లి వద్దు."

కిష్టయ్య తాపీ సంచిలో వేసుకున్నాడు.

"బోర్డు ఎండేదాక మెయిన్ ఎత్తకుండ్రి" అని మాత్రం చెప్పి, గ్రాంట్ రోడ్ వైపు నడిచి వెళ్లిపోయాడు.

ప్రథమేశ్ పైకొచ్చి గచ్చు తుడవబోయాడు. అటక మీద డ్రమ్ము ఖాళీగా ఉంది. తగ్గిన నీళ్లు నింపుదామని పొద్దున పైపు వదిలి, చాయ్ తాగడానికి వెళ్లి కబుర్లలో పడ్డాడు.

తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. చప్పగా ఉంది. చేపల్ని చంపింది కరెంటు కాదు, తను పట్టిన మంచినీళ్లు.

అప్పుడు గ్యాలరీ చివర పొరుగువాళ్ల గదిలో కూర్చున్న తల్లి ముత్తమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. చీరంతా తడిసి ఉంది.

"ఏమైందే అమ్మా?"

"నీళ్లు పొంగుతున్నయని ప్లగ్గు పీకనీకి పోయిన. 'అమ్మా, ముట్టకు!' అని ఒర్లుకుంట ఆ పెద్దమనిషి కిందికి ఉరికిండు. నేను కాలు జారి బోర్డు మీదనే పడ్డ. అప్పటికే కరెంటు తీసిండు బిడ్డా. పాణం దక్కింది. యాడున్నడాయన? దండం పెట్టుకుంట."

ప్రథమేశ్ గ్రాంట్ రోడ్ మలుపు దాకా పరిగెత్తి, రొప్పుతూ వెనక్కి వచ్చాడు.

"ఆయన యాడ ఉంటడు లస్మయ్య కాకా?"

"నాకేం తెల్సు? మొన్న పొద్దుగాల కూలోళ్లు నిలబడే నాకా దగ్గర కనబడితే తెచ్చుకున్న. మళ్ల దొరుకుతడో లేదో."

"మా అమ్మ కోసం తీసిండంట! ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద!"

"నువ్వు చెప్పనిచ్చినవా?" కసిరాడు లస్మయ్య. ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"నిన్న పని కాడ ఆయననే చెప్పిండు. పోయినేడు ఒక బిల్డింగుల తడి బోర్డు ముట్టి ఆయన పెండ్లాం అంజమ్మ కొట్టుకుంట పాణం ఇడుస్తుంటే, మెయిన్ దించుండ్రని ఆయన ఎంత మొత్తుకున్నా ఒక్కడు దించలేదంట."