మాడిన పిండి వాసన

"మంటలో ఏం వేశావే?" తిర్సా చెంబుడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించింది.

కోడలు నఫూనా బిత్తరపోయింది. "ఇవాళ శుక్రవారం కదా, సబ్బాతు రొట్టెపిండిలోంచి దేవుడి ముద్ద తీసి వేశానత్తా. మా అమ్మ వేసేది."

"ఈ ఇంట్లో వెయ్యం. ఆ నియంత అమీన్ ఏలిన రోజుల్లో మన యూదుల ప్రార్థనలు కూడదన్నారు. ఆ మాడు వాసన వల్లే సిపాయిలొచ్చి మీ మామని లాక్కెళ్ళారు. వాళ్ళకి చెప్పింది కంచె అవతల ఆ నంబోజోనే."

"చెప్పడం నువ్వు చూశావా?"

"చూడాలా? వాసన కొట్టేది ఆమె ఇంటికే!"

అంతలో కంచె మీంచి ముసలి నంబోజో తొంగి చూసింది. "ఒసే తిర్సా, మళ్ళీ మొదలెట్టావా? ఇరవై ఏళ్ళైందే ఈ వాసన తగిలి! అప్పట్లో శుక్రవారం వస్తే నేనూ గుప్పెడు రాగిపిండి మాడ్చేదాన్ని, ఏ ఇంటి వాసనో సిపాయిలకి తెలియకుండా. 'నీకు వంట ఎప్పుడొస్తుందే' అని మా ఆయన ఒకటే తిట్లు."

నవ్వబోయి ఆగిపోయింది.

"ఆ ఒక్క శుక్రవారమే నేను పుట్టింటికెళ్ళాను."

తిర్సా తడిసిన కట్టెలు పక్కకి లాగింది. పొయ్యి మళ్ళీ రాజేసి, తనే చిటికెడు పిండి గిల్లి మంటలో వేసింది.

కాసేపటికి కంచె అవతల నుంచి కూడా మాడు వాసన వచ్చింది.